పుట్టకొక్కుల సంచి ఫ్రిజ్‌లో ఉంది, వండుకోవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొండ మీద నుంచి దిగి రాసినవే. మృగశిర కార్తెలో రెండు వానలు పడితే చాలు, హైదరాబాద్ సగం అనంతగిరి మీదే ఉంటుంది కదా. వాటిలో ఐదింటిని తీసుకున్నాను. మొదటి జవాబే పొడవైపోయింది. ఏమనుకోకండి, ఆ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది, అదీ కడుపు నిండా.

ప్రశ్న: మేడమ్, పోయిన ఆదివారం ఆరుగురం ఫ్రెండ్స్ అనంతగిరి ట్రెక్‌కు వెళ్ళాం. దారి పక్కన పుట్ట దగ్గర తెల్లటి పుట్టగొడుగులు గుంపుగా కనిపిస్తే ఒక సంచి నిండా కోసుకొచ్చాం. ఫోన్ యాప్‌లో ఫొటో పెడితే తినేవే అని వచ్చింది. మా రూమ్మేట్ వాళ్ళ అమ్మగారు వెండి నాణెం వేసి ఉడికించమన్నారు, నాణెం నల్లబడకపోతే మంచివేనట. ఇప్పుడవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. వండుకోవచ్చా? (ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: బాబూ, మీ మెయిల్ చూసిన రోజే వద్దని రాశాను, పారేశామని మీరూ చెప్పారు. పత్రిక అచ్చయ్యే దాకా ఆగే విషయం కాదు కాబట్టి అలా చేశాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

మా అమ్మమ్మది అచ్చంపేట దగ్గర పల్లె. మొదటి వానలకు ఉరుములు ఉరిమిన మర్నాడు, ఇంకా చీకటి ఉండగానే, ఆమె ఒక గంప, ఒక మొన ఉన్న కర్ర తీసుకుని పుట్టకొక్కుల కోసం, అంటే చెదల పుట్టల మీద లేచే పుట్టగొడుగుల కోసం, బయలుదేరేది. చిన్నప్పుడు ఆమె వెంట చాలాసార్లు వెళ్ళాను. పుట్ట మీద గొడుగు కనిపిస్తే పట్టి లాగేది కాదు. పక్కన కూర్చుని, కర్రతో మట్టి మెల్లగా కెలికి, కాడ కిందికి ఎంత దాకా పోయిందో చూసేది. పైన బెత్తెడు గొడుగు ఉంటే, కింద వేరులాంటి కాడ జానెడు, ఒక్కోసారి మూరెడు దిగి ఉండేది. సన్నగా, తెల్లగా, కిందికి పోయేకొద్దీ మట్టి రంగు. దాని చివర చెదపురుగుల గూడు తగిలేది, తేనెపట్టు ముక్కలా గుల్లగుల్లగా. గొడుగు నడినెత్తిన వేలితో తడిమి చూపించేది. అక్కడ గట్టిగా, మొనదేలి ఉంటుంది, మట్టిని పొడుచుకుని రావడానికి.

బోటనీ చదివాక దీని సంగతి తెలిసింది. పుట్టలో చెదలు ఆకూ పుల్లా నమిలి గూడు కడతాయి. దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. మనం వరి వేసుకున్నట్టు వాటిదీ ఒక సేద్యం. చెదలు అరిగించుకోలేని పీచును శిలీంధ్రం అరిగించి పెడుతుంది, చెదలు దాన్ని తిని బతుకుతాయి. వానలు పడ్డప్పుడు ఆ తోటలోంచే కొక్కు పైకి లేస్తుంది. అందుకే పుట్టకొక్కును ఇంతవరకు ఎవరూ షెడ్డు వేసి పెంచి అమ్మలేకపోతున్నారు. చెదలు లేకుండా అది రాదు. సీజన్‌లో రోడ్డు పక్కన మటన్‌తో పోటీ పడే ధర చెప్పేది కూడా అందుకే.

అసలు సంగతి ఏమిటంటే, మా అమ్మమ్మకు తెలిసినవి నాలుగే పుట్టలు. చెరువు గట్టు మీద ఒకటి, రాగి చెట్టు కింద ఒకటి, ఇంకో రెండు మా పెదమామ చేను అంచున. వాళ్ళ అమ్మ చూపించిన పుట్టలవి. ఐదో పుట్ట మీద గంప నిండా కొక్కులు లేచినా ఆమె ఆగేది కాదు. "దాని మొగం నేనెరుగ" అనేది. మీ యాప్ చూసింది గొడుగు పైభాగం ఒక్కటే. మీరు కాడలు మట్టి దాకా తెంపేశారు, అడుగున వేరు ఉందో, గిన్నెలాంటి తొడుగు ఉందో ఇక ఎవరికి తెలుస్తుంది? ప్రాణం తీసే జాతుల్లో కొన్నింటికి ఆ గిన్నె మట్టిలోనే దాగి ఉంటుంది. పైగా పుట్ట పక్కన లేచినదల్లా పుట్టకొక్కు కాదు. పుట్ట చుట్టూ గడ్డి ఉంటుంది, ఎండిన కట్టె ఉంటుంది, వాటి మీద మొలిచేవి వేరే ఉంటాయి.

వెండి నాణెం మాట. ఇది ఒక్క మీ రూమ్మేట్ వాళ్ళ అమ్మగారి నమ్మకం కాదు. వెల్లుల్లి వేస్తే రంగు మారుతుందంటారు, బియ్యం వేస్తే ఎర్రబడతాయంటారు, పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చంటారు, పసుపూ చింతపండూ వేసి రెండు నీళ్ళు వంపేస్తే విషం పోతుందంటారు. ఒక్కటీ పనికిరాదు. అతి భయంకరమైన పుట్టగొడుగు విషానికి వెండితో గానీ వెల్లుల్లితో గానీ ఏ సంబంధమూ లేదు. ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా అది చావదు. పురుగులు ఆ విషపు గొడుగులనూ తింటాయి, వాటికేమీ కాదు.

ఆ విషం తీరు కూడా మోసమే. తిన్నాక 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజు గడిచేసరికి తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి టీ కూడా తాగుతాడు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మూడో రోజో నాలుగో రోజో కళ్ళు పచ్చబడేసరికి పరిస్థితి చేయి దాటే ప్రమాదం ఉంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువ మంది తేయాకు తోటల వాళ్ళు. అడవి తెలియని వాళ్ళేం కాదు.

ఇక నా సంగతి. 1994 జులైలో, నేను బోటనీ లెక్చరర్‌గా చేరిన ఎనిమిదో ఏట, మా కాలేజీ హాస్టల్ ముందు పచ్చికలో పెద్ద పెద్ద తెల్ల గొడుగులు గుండ్రంగా ముగ్గు వేసినట్టు లేచాయి. నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. గొడుగు కింద మడతలు లేత తెలుపు, కాస్త ముదిరిన వాటిలో లీలగా ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ నేను చూశాను. చూసి, పక్కన గడ్డి నీడ పడిందేమో అనుకున్నాను. పిల్లలకు శిలీంధ్రాల పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని గర్వం కూడా. ఉల్లిపాయలు, మిరియాల పొడి వేసి వేపుడు చేశాను. రుచి బాగుంది, అది కూడా ఒప్పుకోవాలి. రెండు గంటలు తిరక్కుండానే మొదలైంది. ఆ రాత్రి స్కూటర్ వెనక కూర్చుని ఒక చేత్తో బకెట్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను, రెండు రోజులు సెలైన్. మా ఆయన ఒక్క ముక్కే తిన్నారు కాబట్టి స్కూటర్ నడపగలిగారు. పుట్టగొడుగులు ఆయనకు రబ్బరు చెప్పు నమిలినట్టు ఉంటాయట. ఆ మాటకు ముప్పై ఏళ్ళుగా నేను ఎదురు చెప్పలేకపోతున్నాను.

అది పచ్చిక మైదానాల్లో మొలిచే పచ్చ బీజాల గొడుగు. గేటెడ్ కమ్యూనిటీల లాన్లలో మీకు కనిపించేవాటిలో ఇదొకటి. కుతూహలం ఉంటే ఒక పని చేయండి. కాడ తీసేసి, గొడుగును సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన స్టీలు గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీస్తే కాగితం మీద మడతల అచ్చు పొడిలా పడి ఉంటుంది. దీనిదైతే పాచి పట్టినట్టు ఆకుపచ్చ. పుట్టకొక్కుదైతే లేత గులాబీ. చూడ్డానికి చాలా బాగుంటుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని దాన్ని చెత్తబుట్టలో వేయండి. అచ్చు చూసి తినడానికి పూనుకోవద్దు, ఆ పరీక్ష ఒక్కటే సరిపోదు.

పుట్టగొడుగు కూర తినాలనిపిస్తే మార్కెట్లో పాల పుట్టగొడుగులు దొరుకుతాయి. మన ఎండలకు తట్టుకుని పెరిగే రకం, తెల్లగా, లావు కాడతో ఉంటాయి. కాడను చీలికలుగా చీల్చి వండితే కోడికూరకు దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: కీసరగుట్టకు వెళ్ళినప్పుడు మా ఏడేళ్ళ పాప ఎర్రటి గింజలు, నల్లచుక్కవి, ఏరి జేబులో వేసుకుంది. కారులో ఒకటి నోట్లో పెట్టుకుంటే లాగేశాను. ఏమీ కాలేదు కానీ టెన్షన్ పోవడం లేదు. పిల్లలతో కొండకు వెళ్తే ఏవి చూసుకోవాలి? (ఒక తల్లి, వనస్థలిపురం)

జవాబు: అవి గురివింద గింజలమ్మా. తన నలుపు తానెరుగదని సామెతలో ఉండేది ఇదే, కంసాలి బంగారం తూచేదీ ఇదే. పైపెంకు చాలా గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలితే, లేదా దండ గుచ్చడానికి సూదితో పొడిచిన గింజ నోట్లోకి పోతే, ప్రమాదం పెద్దది. మీ పాప నమలలేదు, తీసేశారు, సరిపోయింది. జేబులో ఉన్నవి పారేశారో లేదో ఒకసారి చూడండి.

మనం కొండలంటే భయపడతాం కానీ, పిల్లలు ఎక్కువగా దెబ్బతినేవి ఊళ్ళో, బడి గోడ పక్కన, కాలనీ పార్కులో ఉండేవే. నేపాళం ఉంది, కొందరు అడవి ఆముదం అంటారు. కంచెగా వేస్తారు. కాయ పగలగొడితే లోపలి పప్పు పల్లీ గింజలా కమ్మగా ఉంటుంది, అదే దాని మోసం. ఒకడు తిని బాగుందంటే పదిమంది తింటారు. గంటలో అందరికీ వాంతులు. పచ్చగన్నేరు ఇంకా చెడ్డది, దాని విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పూజకు పూలు కోసుకోవచ్చు కానీ చెట్టు కింద రాలిన కాయలు ఏరేయండి. కొండల మీద ఎర్ర, పసుపు పూల గుత్తులతో కనిపించే లంటానా పచ్చికాయలూ మంచివి కావు. కామంచి పండు నల్లగా మాగితే తింటారు కానీ పచ్చికాయ తినకూడదు. ఆ తేడా ఏడేళ్ళ పాపకు అప్పగించే పని కాదు.

"పిట్టలు తింటున్నాయి కదా" అని పెద్దవాళ్ళే అనడం విన్నాను. నల్లమలలో ముష్టి చెట్టు కాయలు నారింజ రంగులో నిగనిగలాడుతూ ఉంటాయి. కోతులు, పక్షులు దాని గుజ్జు తింటాయి. గింజలో ఉండేది స్ట్రిక్నిన్. కోతి గింజ ఉమ్మేస్తుంది, మన పిల్లాడు కొరుకుతాడు.

ఏదైనా నమిలి మింగారని అనుమానం వస్తే, ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలని చూడొద్దు. నోట్లో మిగిలింది తీసేసి, నీళ్ళతో పుక్కిలింపించి, ఆ కొమ్మో కాయో ఒకటి కవర్లో వేసుకుని 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు "ఏదో ఎర్రకాయ" అని చెప్పడం వేరు, కాయ చూపించడం వేరు. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది. 1800 116 117, ఉచితం, ఏ వేళైనా చెబుతారు. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: మే నెలలో మా ఆఫీసు బ్యాచ్ ఉత్తరాఖండ్ ట్రెక్‌కు వెళ్తోంది. అక్కడ దారిలో అడవి బెర్రీలు, గుచ్చీ పుట్టగొడుగులు దొరుకుతాయట. కోసుకుని క్యాంపులో వండుకోవాలని మా ప్లాన్. సలహా ఇవ్వండి. (ఒక పాఠకురాలు, గచ్చిబౌలి)

జవాబు: బెర్రీలకు సరే, పుట్టగొడుగులకు కాదు.

మీరు వెళ్ళే నెల మంచిది. కింది కొండల్లో, సుమారు 1,500 మీటర్ల ఎత్తు చుట్టుపక్కల, కాఫల్ చెట్లు పండి ఉంటాయి. మన ఈతపండంత కూడా ఉండదు, ముదురు ఎరుపు, పైన గరుకు, లోపల పెద్ద గింజ. రోడ్డు మలుపుల దగ్గర పిల్లలు బుట్టల్లో పెట్టుకుని ఉప్పు నూరి చల్లి అమ్ముతారు. అక్కడ కోయిల జాతి పిట్ట ఒకటి "కాఫల్ పాకో" అంటుందని వాళ్ళ నమ్మకం, అంటే కాఫల్ పండింది అని. విన్నాక మీకూ అలాగే వినిపిస్తుంది. హిసాలు అనే పసుపుపచ్చ పండు ముళ్ళ పొదల్లో ఉంటుంది, చిన్న చిన్న పూసలు అతికించినట్టు. చేతిలోకి తీసుకునేలోపే నలిగిపోతుంది కాబట్టి ఊళ్ళకు రాదు, పొద దగ్గరే తినాలి. మా అబ్బాయితో వెళ్ళినప్పుడు గైడ్ చూపించిన పొద దగ్గర అరగంట నిలబడిపోయాం, మిగతా బృందం తిట్టుకుంది. మీరు కూడా గైడ్ ముందు తిన్నాకే తినండి.

గుచ్చీ మంచు కరిగాక లేస్తుంది. తేనెపట్టులా గుంతలు గుంతలుగా ఉంటుంది, నిలువునా కోస్తే లోపల బోలు. ఎండినది కిలో వేల రూపాయలు. పచ్చిగా తింటే అదే వాంతులు తెప్పిస్తుంది, బాగా ఉడకాలి. చూడ్డానికి దానిలాగే ఉండే విషపు చుట్టాలూ ఉన్నాయి. అక్కడి ఊరివాళ్ళ దగ్గర ఎండినవి కొనుక్కుని ఇంటికి తెచ్చుకుని పులావ్ చేసుకోండి.

క్యాంపులో వండొద్దనడానికి ఇంకో కారణం ఉంది, ట్రెక్కర్లు దాన్ని ఆలోచించరు. 3,500 మీటర్ల ఎత్తులో ఒకరికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయనుకోండి. అది ఎత్తు పడక వచ్చిందా, రాత్రి తిన్న కూర వల్లనా? టెంటులో ఎలా తెలుస్తుంది? ఎత్తు వల్ల అయితే కిందికి దింపితే తేరుకుంటారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పుట్టగొడుగైతే ఆ తేరుకోవడమే మోసం కావచ్చు. ఆసుపత్రి ఉన్న ఊరు ఒక రోజు నడక.

ప్రశ్న: కేబీఆర్ పార్కులో రోజూ వాకింగ్ చేస్తాను. నేరేడు పళ్ళు రాలి వృథా అవుతున్నాయి. ఏరుకుంటే తప్పా? (ఒక పాఠకుడు, బంజారాహిల్స్)

జవాబు: తప్పే సార్. మనం పార్కు అంటాం కానీ చట్టం లెక్కలో అది జాతీయ ఉద్యానం. 1972 వన్యప్రాణి చట్టం కింద అక్కడి నుంచి పండైనా పుల్లైనా తీసుకుపోకూడదు. వృథా కూడా కావడం లేదు, నెమళ్ళను అడగండి. మీ ఇంటి దగ్గర తోపుడు బండి మీద ఉప్పు చల్లి అమ్మే నేరేడు పళ్ళకు ఏ చట్టమూ అడ్డం లేదు.

ప్రశ్న: అమ్మా, నాకు 72 ఏళ్ళు. చిన్నప్పుడు మా ఊరి గుట్ట మీద తునికి పళ్ళు, మొర్రి పళ్ళు, పరికి పళ్ళు తిని పెరిగాం. మనవళ్ళకు చూపిద్దామంటే సిటీలో ఎక్కడా కనబడవు. ఎక్కడ దొరుకుతాయి? (ఒక పెద్దాయన, కూకట్‌పల్లి)

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు నోట్లో నీళ్ళూరాయి, పరికి పళ్ళు తలుచుకుంటే వేళ్ళకు ముళ్ళు కూడా గుచ్చుకున్నాయి. ఆ పొద ఊరికే ఇవ్వదు కదా.

తునికి, మొర్రి రెండూ ఏప్రిల్, మే నెలల్లో పండుతాయి. బీడీ ఆకు కోతల రోజులే అవి, ఆ ఆకూ తునికి చెట్టుదే. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర, ఎండాకాలంలో చెంచు ఆడవాళ్ళు మోదుగాకు దొప్పల్లో పెట్టుకుని కూర్చోవడం చాలాసార్లు చూశాను. వాళ్ళ దగ్గర కొనండి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మీరు కారు ఆపి అడవిలోకి దిగి కోయకూడదు. ఏరుకుని అమ్ముకునే హక్కు అడవి బిడ్డలది, 2006 అటవీ హక్కుల చట్టం రాసిచ్చింది కూడా అదే. బేరం ఆడకండి.

మొర్రి పండు నల్లగా, శనగ గింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది, పులుపూ తీపీ. గింజ పగలగొడితే వచ్చేదే సారపప్పు, మనం పాయసంలో వేసుకునేది. మనవళ్ళ చేత ఒక్క గింజ రాయి మీద పగలగొట్టించండి. సారపప్పు అంత ఖరీదు ఎందుకో వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, వేళ్ళు కూడా చితుకుతాయి.

తునికి పండు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. పసుపుపచ్చగా కనిపించినా గట్టిగా ఉంటే వగరు, నాలుక మొద్దుబారిపోతుంది, పిల్లలు మళ్ళీ ముట్టరు. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కండి. తోలు లోపలికి పోయి అలాగే నిలిస్తే మాగినట్టు. రెండు చేతులతో చీల్చితే లోపల సపోటా రంగు గుజ్జు, జారిపోయే నల్లటి గింజలు. గింజ చుట్టూ అంటుకున్నదే తియ్యగా ఉంటుంది, చప్పరించాల్సిందే, చెంచాతో అయ్యే పని కాదు. సూపర్ మార్కెట్లో అద్దాల వెనక పెట్టి అమ్మే పర్సిమన్ దీనికి దాయాది అని మనవళ్ళకు చెప్పండి, కాస్త గౌరవం వస్తుంది.

గట్టివే దొరికితే తెచ్చి బియ్యం డబ్బాలో రెండు మూడు రోజులు పెట్టండి. వాసన వచ్చేదాకా మూత తీయకండి.